మన గోడ మీద ఎవరి బొమ్మ?

మన్యంలో ఏ సర్కారు ఆఫీసు ప్రహరీ చూసినా, ఏ ఆశ్రమ పాఠశాల వరండా చూసినా ఒకటే బొమ్మ. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి గీతలు. రెండు త్రికోణాలు కలిపితే ఒక మనిషి. చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే మనుషులు, నడుమ బూర ఊదేవాడు. కింద 'గిరిజన సంస్కృతి' అని రాసి ఉంటుంది. మన పిల్లలు రోజూ అన్నం పళ్లెం పట్టుకుని ఆ గోడ పక్కనే లైన్లో నిలబడతారు. అవి మన బొమ్మలే అనుకుంటారు.

మనవి కావు. అవి వార్లీలవి. మహారాష్ట్రలో ముంబైకి ఉత్తరాన ఠాణే, పాల్ఘర్ జిల్లాల్లో ఉండే వార్లీ ఆదివాసుల పెళ్లి బొమ్మలు. పెళ్లింట్లో ముత్తయిదువలు బియ్యప్పిండితో గోడ మీద చౌకం గీసి, దాని నడుమ పాలఘాట్ దేవతను నిలుపుతారు. ఆ గీతను 1970లలో జివ్యా సోమా మాషే కాగితం మీదికి తెచ్చి దేశానికి చూపించారు. ఆయనకు 2011లో పద్మశ్రీ వచ్చింది, 2018లో కాలం చేశారు. ఆ తల్లుల మీద, ఆ పెద్దాయన మీద మాకు గౌరవమే. మా కోపం వేరే. సవరలకు తమదైన గోడబొమ్మ ఉంది. ఆ సవర ఊళ్ల నడుమే కాంట్రాక్టరు వచ్చి వార్లీ బొమ్మ వేసి, బిల్లు తీసుకుని పోతే, 'ఇది మా ప్రాంతానిది కాదయ్యా' అని చెప్పే మనిషి ఆఫీసులో లేడు, బళ్లో లేడు. మనలో కూడా తెలిసినవాళ్లు తక్కువే.

ఎందుకు తెలియదు? బొమ్మకు ఊరుంటుంది, కాలం ఉంటుంది, గీసిన మనిషికి పేరుంటుంది, వాటన్నిటినీ చదువుకోవచ్చు అని మనకు ఏ తరగతిలోనూ చెప్పలేదు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పారు. పాఠానికి ప్రశ్నలు జవాబులు రాయించారు. బొమ్మకు మాత్రం ఆగస్టు 9న ఒక పోటీ, ఒక స్టాలు, అంతే.

అందుకే మేం ఈ మాట గట్టిగా అంటున్నాం. మన పిల్లలు కాలేజీకి పోయి బొమ్మ చదవాలి. గీయడం, చెక్కడం, పోత పోయడం, అచ్చు తీయడం నేర్చుకోవాలి. దాంతో పాటు కళా చరిత్ర చదవాలి. రెండిట్లో ఒకటే దొరికేట్టుంటే ఏది పట్టుకోవాలని ఎవరైనా అడిగితే, చరిత్రనే పట్టుకోమంటాం. చేతి పని మన ఇళ్లలో ఇంకా కొంత మిగిలి ఉంది. దాని గురించి మాట్లాడే అధికారమే మన దగ్గర లేదు.

ఇది వినగానే ముందు నవ్వేది మన సార్లే. 'బొమ్మలేసుకుంటే కూడొస్తుందా?' నోటుబుక్కు వెనక పేజీల్లో కోడిపుంజును గీసిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించిన సార్లు మనందరికీ తెలుసు. ఇంటర్ అయ్యాక మన పిల్లలకు చూపించే దారులు నాలుగే. నర్సింగు, డీఎడ్, కానిస్టేబుల్, ఏదీ కాకపోతే ఏదో ఒక డిగ్రీ. వాటిని మేం తక్కువ చేయడం లేదు, మన గూడేనికి నర్సు కావాలి. కానీ మైదానం పిల్లవాడికి ఇరవై దారులు చెప్పి, మన పిల్లకు నాలుగే చెప్పడం ఆమె మేలు కోరడం కాదు. కూడు సంగతే మాట్లాడదాం. ఏకలవ్య పాఠశాలల్లో ఆర్ట్ టీచరు పోస్టు ఉంది, దానికి ఫైన్ ఆర్ట్స్ చదువు అడుగుతారు. పుస్తకాల అట్టలు, యానిమేషన్, బట్టల డిజైన్లు, మ్యూజియం కొలువులు, ఇవన్నీ ఆ చదువుకు దగ్గరి పనులే. మన పిల్లల కోసం పెట్టిన బళ్లో ఆ ఆర్ట్ టీచరు కుర్చీలో మన మనిషి కూర్చోకపోతే అదేమీ ఖాళీగా ఉండదు. ఇంకొకరు కూర్చుంటారు. మళ్లీ గోడ మీద వార్లీ బొమ్మే వేయిస్తారు.

మన కోసం ఒక మాట ఎప్పుడూ తయారుగా ఉంటుంది: 'శిక్షణ'. నెల రోజుల శిక్షణ, మూడు నెలల శిక్షణ. చివర్లో సర్టిఫికెట్టు, గ్రూపు ఫోటో. మైదానం పిల్లవాడికి నాలుగేళ్ల బీఎఫ్ఏ, ఆపైన రెండేళ్ల ఎంఎఫ్ఏ. అతను ఆర్టిస్టు. మనవాడు హస్తకళాకారుడు. అతని బొమ్మ కింద పేరు, సంవత్సరం ఉంటాయి. మనవాడి వస్తువు మీద ధర చీటీ ఉంటుంది.

ఈ గీత నిన్న మొన్న గీసింది కాదు. మద్రాసులో 1850లో, కలకత్తాలో 1854లో, బొంబాయిలో 1857లో ఆర్టు స్కూళ్లు మొదలయ్యాయి. గ్రీకు విగ్రహాల ప్లాస్టరు నకళ్లు సీమ నుంచి తెప్పించి, వాటిని చూసి గీయమన్నారు. ఈ దేశపు చేతిపనిని దొరలు మెచ్చుకోకపోలేదు, కానీ దాన్ని 'క్రాఫ్టు' అనే గదిలో పెట్టారు. 'ఫైన్ ఆర్టు' అనే గది వేరే. దొరలు పోయారు, గదులు అలాగే ఉన్నాయి. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ వెళ్లి చూడండి. ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉన్న జేఎన్ఏఎఫ్ఏయూ అక్కడే ఉంది. నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియమూ అక్కడే ఉంది. నడిచి పోయేంత దూరం. ఒక చోట కళ నేర్పుతారు. ఇంకో చోట మన వస్తువులు అద్దాల వెనక ఉంటాయి. మ్యూజియాన్ని తప్పు పట్టడం లేదు. అలాంటి చోట పెట్టబట్టే కొన్నయినా మిగిలాయి. మేం అడిగేది ఒకటే. మ్యూజియంలో తన తాత చేసిన వస్తువును చూసి, అదే రోడ్డున నడిచి కాలేజీలో సీటు తీసుకున్న పిల్లలు మనలో ఎందరు?

సీటు వచ్చాక తరగతిలో ఏం వినబడుతుంది? కళా చరిత్ర పాఠం చాలా చోట్ల సింధు లోయతో మొదలవుతుంది. మోహెంజొదారోలో 1926లో దొరికిన నాట్యగత్తె బొమ్మ. 10.5 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు 4500 ఏళ్ల నాటిది, మైనం కరిగించి పోసిన కంచు బొమ్మ. పరీక్షలో ఇది తప్పకుండా వస్తుంది, పిల్లలు బట్టీ పడతారు. అదే మైనపు పోత పనిని ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాం ఓజాలు ఈ రోజుకూ చేస్తున్నారు. లోపల మట్టి ముద్ద, దాని మీద మైనపు తీగలు చుట్టి రూపం, ఆ పైన మళ్లీ మట్టి పూత. కాల్చితే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టాలి, కాబట్టి ఒక్కో అచ్చుకు ఒక్కటే బొమ్మ. గోండు గూడేలకు దేవతలు, గంటలు ఇచ్చింది వాళ్లే. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. 4500 ఏళ్ల నాటి పోత చరిత్ర అయింది, బతికి ఉన్న పోత హస్తకళల దుకాణంలో సరుకు అయింది. ఆ పాఠం చెప్పేవాళ్లు బస్సెక్కి ఉషేగాం వస్తే, తమ పుస్తకంలోని మొదటి అధ్యాయం ఇంకా పొయ్యి మీద ఉడుకుతున్నది కళ్లారా చూడొచ్చు. ఓజాల పిల్ల శిల్ప విభాగంలో చేరితే, పోత పాఠం రోజున ఎవరు ఎవరికి చెప్పాలో మీరే ఆలోచించండి.

తర్వాతి పాఠాల్లో మనం రెండు రకాలుగా కనబడతాం. ఒకటి 'జానపద, గిరిజన కళలు' అనే చిన్న అధ్యాయం. అందులో సంవత్సరాలు ఉండవు, మనుషుల పేర్లు ఉండవు, 'అనాదిగా' అనే మాట మాత్రం ఉంటుంది. రెండోది, ఇంకొకరి బొమ్మలో మనుషులుగా. శాంతినికేతన్‌లో 1938లో రామ్‌కింకర్ బైజ్ సిమెంటుతో, కంకరతో 'సంతాల్ కుటుంబం' చేశారు. కావడిలో బిడ్డ, నెత్తిన సామాను, పక్కన కుక్క, నడిచిపోతున్న ఆలుమగలు. ఈ దేశంలో ఆధునిక శిల్పానికి అది పెద్ద మలుపు అంటారు, నిజమే. బైజ్ గొప్పవాడు, పేద క్షురకుల ఇంట పుట్టినవాడు, ఆయన కన్ను ప్రేమగల కన్ను. కానీ 1919లో మొదలైన కళాభవన్ చుట్టూ సంతాల్ ఊళ్లే ఉన్నాయి. వాళ్లను బొమ్మ కోసం నిలబడమని పిలిచినంత సులువుగా, బొమ్మ చేయడానికి రమ్మని పిలిచారా? ఈ ప్రశ్న పాఠంలో ఉండదు. తరగతిలో ఒక సంతాల్ పిల్ల కూర్చుని ఉంటే ఆమె అడుగుతుంది.

పికాసో సంగతీ అంతే. 1907లో ఆయన పారిస్‌లోని ట్రొకాడెరో మ్యూజియంలో ఆఫ్రికా మాస్కులు చూశారు. ఆ ఏడు వేసిన 'అవిన్యో అమ్మాయిలు' చిత్రంలో రెండు ముఖాలు మాస్కుల్లాగే ఉంటాయి. యూరప్ చిత్రకళ అక్కడ మలుపు తిరిగిందని నేర్పుతారు. మాస్కు చూసినవాడి పేరు ప్రపంచానికంతా తెలుసు. మాస్కు చెక్కినవాడి పేరు ఎవరూ రాసుకోలేదు. మన నాయకపోడ్లు జాతరకు కట్టే చెక్క ముఖాలు ఎవరు చేశారో, ఏ ఏడు చేశారో, ఆ ఊరి బళ్లో చెప్పే సారు ఎన్నడైనా రాసి పెట్టారా? ఆఫ్రికా మీద జాలి పడే ముందు ఈ ప్రశ్న మన ఊళ్లో వేసుకోవాలి.

ఇక 'గోండ్ ఆర్ట్'. ఇప్పుడు ఆదిలాబాద్ వైపు కూడా ఫోన్లో వీడియో చూపించి దీన్ని నేర్పుతున్నారు. జింక కొమ్ముల్లోంచి చెట్టు మొలుస్తుంది, చేప ఒళ్లంతా చుక్కలు. 'ఇది మీ తాతముత్తాతల కళ' అని చెబుతారు. కాదు. అది మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ఊరి పర్ధాన్ యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ తెచ్చిన పద్ధతి. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ ఊరూరా మనుషుల్ని పంపి వెతికించారు. వాళ్ల కంట ఇతని గోడబొమ్మ పడింది. భారత్ భవన్ 1982లో తెరిచారు. అక్కడ అతనికి కాగితం, రంగులు, ప్రింట్లు తీసే యంత్రం దొరికాయి. పర్ధాన్లు దేవుళ్ల కథలు పాడేవాళ్లు. పాటలో ఉన్న దేవుళ్లకు ఇతను రూపం కట్టాడు. 1989లో పారిస్‌లో పాంపిడూ సెంటర్ పెట్టిన పెద్ద ప్రదర్శనలో అతని బొమ్మలున్నాయి. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, ఇంటికి అంత దూరాన, ప్రాణం తీసుకున్నాడు. మనసు బరువెక్కే సంగతి ఇది. పిల్లలకు చెప్పేటప్పుడు మెల్లగా చెప్పాలి, కానీ చెప్పాలి.

ఈ కథ తెలియని పిల్లవాడికి ఆ చుక్కలు వట్టి చుక్కలే. తెలిసిన పిల్లవాడు రెండు పనులు చేస్తాడు. పరాయి ఊరికి పిలిచినప్పుడు సంతకం పెట్టే ముందు కాగితం చదువుతాడు. బొమ్మ ఎవరికి చెందుతుంది, డబ్బెంత, తిరుగు ప్రయాణం ఎప్పుడు అని అడుగుతాడు. రెండోది, అసలైనది: ఈ పద్ధతి ఒక మనిషి నలభై ఏళ్ల కింద తన పాటలోంచి తీసినదైతే, నా పాటలోంచి నేనేం తీయగలను అని ఆలోచిస్తాడు. ఆదిలాబాద్ పర్ధాన్లు కూడా కిక్రి వాయిస్తూ గోండుల కథలు పాడతారు. ఆ కథలకు పాటన్‌గఢ్ చుక్కలు అరువు తేకుండా రూపం వెతకడం నాలుగేళ్ల చదువుకు సరిపడా పని. కోయలకు పడిగె గుడ్డలున్నాయి, గోత్రాల కథలు వాటి మీద బొమ్మలుగా ఉన్నాయి. డోలి కొట్టి ఆ కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పాటకు బిరుదు వచ్చింది, సంతోషం. పడిగె మీది బొమ్మల్ని వరసగా చదివి, ఏ రంగు ఎందుకో, ఏ గుర్తు ఏ గోత్రానిదో రాసే కోయ విద్యార్థి ఎక్కడ?

'కాలేజీకి పోతే మన కళ పాడవుతుంది' అనేవాళ్లు ఉన్నారు. కొందరు మన పెద్దలు, ఎక్కువమంది మనమంటే ఇష్టపడే పట్నం వాళ్లు. స్వచ్ఛంగా ఉండాలట. పెద్దల భయాన్ని మేం గౌరవిస్తాం. పట్నం వాళ్ల స్వచ్ఛతను ఒప్పుకోం. వాళ్ల పిల్లలు కంప్యూటర్లో బొమ్మలు వేయొచ్చు, మన పిల్లలు మాత్రం ఎర్రమట్టి దాటకూడదు. అమెరికా ఆదివాసుల్లో డకోటా చిత్రకారుడు ఆస్కార్ హో ఉండేవారు. 1930లలో శాంటా ఫే ఇండియన్ స్కూల్లో ఒక తెల్ల టీచరమ్మ నడిపిన స్టూడియోలో నేర్చుకున్నారు. ఇండియన్ బొమ్మ అంటే నీడలు లేని చదునైన రంగులతో ఇలాగే ఉండాలన్న పద్ధతి ఒకటి అక్కడే గట్టిపడింది. ఆయన తర్వాత యూనివర్సిటీలో ఎంఎఫ్ఏ చేసి, డకోటా నాట్యాన్ని కోసుగా విరిగే గీతలతో, ముక్కలుగా చీలే రంగులతో వేశారు. 1958లో ఆ బొమ్మను ఇండియన్ చిత్రాల పోటీకి పంపితే, ఇది ఇండియన్ పద్ధతి కాదని తిప్పికొట్టారు. డకోటా మనిషికి డకోటా పద్ధతి ఏదో తెల్లవాళ్లు చెప్పారు! ఆయన ఊరుకోలేదు. మమ్మల్ని ఒకే పాత అచ్చుకు ఎన్నాళ్లు కట్టేస్తారని నిలదీస్తూ ఉత్తరం రాశారు. ఆ తర్వాత పోటీ నిబంధనలే మారాయి. 1962లో శాంటా ఫేలోనే అమెరికా ఆదివాసుల కోసం ప్రత్యేకంగా కళల విద్యాసంస్థ మొదలైంది.

మన పిల్లవాడికీ ఇదే ఎదురవుతుంది. బస్టాండు గీస్తే 'నీ ట్రైబల్ టచ్ ఏదోయ్?' అంటారు. ఇప్పచెట్టు కింద దేవతను గీస్తే 'ఇది క్రాఫ్టులా ఉంది' అంటారు. పక్క స్టూలు మీది పిల్లవాణ్ణి మీ కులం బొమ్మ ఏదని ఎవరూ అడగరు. పోలవరం ముంపులో పోయిన ఊరిని మన పిల్ల గీయాలనుకుంటే ఏ త్రికోణం సరిపోతుంది? ఆమె ఆయిల్ రంగులు వాడనీ, ఫోటో వాడనీ, ఇనుప రేకులు వెల్డింగ్ చేయనీ. ఎలా గీసినా అది మన బొమ్మే.

అయితే అన్నీ గీయొచ్చా అంటే, కాదు. సవరల గోడబొమ్మ ఉంది. మన వైపు ఎడిసింగ్ అంటారు, ఒడిశా వైపు ఇడితాల్ అంటారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో, పుల్ల కుంచెతో వేస్తారు. అది అలంకారం కాదు. చనిపోయిన పెద్దలకో, దేవతకో కట్టిన ఇల్లు. దాన్ని కాఫీ కప్పు మీద, సభల సంచుల మీద అచ్చు వేయొచ్చా? ఎంతవరకు వేయొచ్చు? దీనికి జవాబు డిజైనరు దగ్గర ఉండదు, ఆఫీసరు దగ్గర ఉండదు. ఇంట్లో పూజారి మాట విన్నదీ, కాలేజీలో ప్రింటింగు నేర్చినదీ ఒకే మనిషి అయితే, ఆ మనిషి చెప్పగలదు. వెరియర్ ఎల్విన్ 1951లో మధ్య భారత గిరిజన కళ మీద పెద్ద పుస్తకం వేశారు. సవరల గోడబొమ్మల గురించి బయటివాళ్లు ఇప్పటికీ ఆయన రాసిందే చెబుతారు. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. దాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తన తాత మాట రాసుకుని, ఎల్విన్ ఇక్కడ సరిగా రాశాడు, ఇక్కడ పొరబడ్డాడు అని సవర పిల్ల రాయాలి. కళా చరిత్ర అంటే మాకు ఆ పని.

దీనికి దారులు తక్కువే ఉన్నాయి. కళా చరిత్ర పుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లీషే. తెలుగులో సంజీవదేవ్ లాంటి కొందరు రాసింది తప్ప పెద్దగా లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఖాతాకు పోతుంది, రంగులకు, కాన్వాసుకు, కుంచెలకు డబ్బు ఎక్కడిది? ఇంట్లో మేకను అమ్మి మొదటి సంవత్సరం గడిపి, రెండో సంవత్సరంలో బొమ్మలు కాగితానికే కుదించుకునే పిల్లలున్నారు. స్కాలర్‌షిప్పులో సామాను ఖర్చు వేరుగా ఇవ్వాలి. ములుగులో సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం 2024లో ఇంగ్లీషు, ఎకనామిక్స్ తరగతులతో మొదలైంది. మేడారం పక్కన పెట్టిన విశ్వవిద్యాలయంలో పడిగె చదివే విభాగం లేకపోతే ఆ పేరు పెట్టుకోవడం దేనికి? విజయనగరం వైపు ఉన్న గిరిజన విశ్వవిద్యాలయంలోనూ చిత్రకళ, శిల్పం, కళా చరిత్ర ఒకే చోట నేర్పాలి. ఓజాలను, గోడబొమ్మలు వేసే పెద్దలను ప్రదర్శనకు కాదు, జీతమిచ్చి పాఠం చెప్పడానికి పిలవాలి. వాళ్లకు డిగ్రీ లేదంటారేమో. ఆ డిగ్రీలో పాఠం అయింది వాళ్ల పనే.

సార్లకు, టీచరమ్మలకు మాత్రం విశ్వవిద్యాలయం కోసం ఆగాల్సిన పని లేదు. ఈ సారి గోడకు రంగు వేయించమని డబ్బు వస్తే, కాంట్రాక్టరుకు ఫోన్ చేసే ముందు ఊళ్లో గోడ అలికే ముసలమ్మను అడగండి. ఆమె వద్దంటే మానేయండి, సరేనంటే ఆమెకు కూలి కాదు, కళాకారులకిచ్చే డబ్బు ఇవ్వండి. బొమ్మ కింద ఆమె పేరు, ఊరు, సంవత్సరం రాయించండి. పిల్లల చేత ఆమె చెప్పింది నోటుబుక్కులో రాయించండి. నోటుబుక్కు వెనక కోడిపుంజును గీసినవాడికే ఆ పని అప్పజెప్పండి.

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ఇప్పుడే చెప్పండి. ఫైన్ ఆర్ట్స్‌కు ఎంట్రన్స్ ఉంటుంది, జ్ఞాపకం నుంచి బొమ్మ గీయమంటారు. సంత, జాతర, ఇప్పపూల ఏరుడు కళ్లతో చూసిన మన పిల్లలకు అది కష్టమేమీ కాదు, రోజుకొక గంట పెన్సిలు పట్టిస్తే చాలు. దరఖాస్తులు వేసవిలో పడతాయి. అప్పటికి హాస్టళ్లు మూసేస్తారు, పిల్లలు తునికాకు కోతలో ఉంటారు, గూడెంలో సిగ్నల్ ఉండదు. కాబట్టి సెలవులిచ్చే ముందే ఫోన్ నంబర్లు రాసుకోండి, ఫోటోలు, మెమోలు దగ్గర పెట్టుకోండి. కుల ధ్రువపత్రం కొత్తది కావాలంటే మార్చిలోనే అర్జీ పెట్టించండి. ఆ ఒక్క కాగితం కోసం తిరిగే లోపే మన పిల్లల్లో చాలామందికి గడువు దాటిపోతోంది.